అంగడి చెప్పని లెక్క

విశాఖపట్నము రేవులో నిలిచిన ఓడమీదికి ఎన్ని టన్నుల ఇనుపరాయి ఎక్కినదో తెలిసికొనుటకు ఆ ఓడను ఎవరును త్రాసులో పెట్టి తూచరు. అంతటి త్రాసు లోకమున లేదు. సరకు ఎక్కకముందు ఓడ నీటిలో ఎంత లోతు మునిగియున్నదో, ఎక్కిన పిమ్మట ఎంత మునిగినదో, ముందుభాగమున, నడుమ, వెనుక, రెండు ప్రక్కలను ఓడ ఒంటిమీద వ్రాసియున్న అంకెలను సర్వేయరు చదువును. రేవునీటి సాంద్రతను కొలుచును. ఓడ కడుపులోని నీటిని, నూనెను లెక్కకట్టి తీసివేయును. ఆ మీదట ఓడను కట్టినవారిచ్చిన పట్టికను తెరచి, ఇంత లోతునకు ఇంత బరువు అని తేల్చును. నీరు నిలకడగా నుండి, సర్వేయరు శ్రద్ధగలవాడైనచో పొరపాటు సుమారు అరశాతమునకు మించదందురు. బైలదిల్లా కొండలనుండి కిరండూల్ రైలుమార్గమున దిగివచ్చు ఖనిజమువంటి సరకునకు ప్రపంచమంతటను ఈ లెక్కయే ప్రమాణము. కంటికి కనబడని బరువును కంటికి కనబడు గీతనుబట్టి చెప్పుటలో విడ్డూరమేమియు లేదు. పట్టిక చేతనున్నది, గీత అబద్ధమాడదు.

ఇప్పుడు మరియొక రేవు ఏర్పడినది. దానికి నీరును లేదు, లంగరును లేదు. ఆన్‌లైను అంగడి యని దానికి పేరు. అందు ప్రతి సరకునకును ఒక చిత్రము, ఒక వెల, అయిదింటిలో ఇన్ని యని నక్షత్రములు, కొన్నవారి అభిప్రాయములు, “గత నెలలో ఇన్ని కొనబడినవి” యను ఒక పంక్తి, ఆ తరగతి సరకులలో అది ఎన్నవదో తెలుపు ఒక స్థానసంఖ్య యుండును. ఇవియే అచ్చటి నీటిగీతలు. వీనిని చదివి ఒక వస్తువు వాస్తవముగా ఎంత అమ్ముడుపోవుచున్నదో చెప్పవచ్చునా? చెప్పవచ్చునని ధైర్యముగా పలుకువారు పెక్కుమంది కలరు. అట్లు చెప్పుటయే వృత్తిగా పెట్టుకొన్న సంస్థలును కలవు. అయితే ఈ ఓడయొక్క పట్టిక మాత్రము అంగడి యజమాని బీరువాలో భద్రముగా నున్నది.

ఇది వర్తకుల గొడవ, బడిపంతుళ్ల కెందుకని అనుకొనుట తగదు. విశాఖకు సుమారు 65 కిలోమీటర్ల దూరమున, వరాహనది యొడ్డున ఏటికొప్పాక గ్రామమున్నది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగినప్పటినుండి అది అనకాపల్లి జిల్లాలోనిది. అంతకుముందు విశాఖ జిల్లాలోనిదే. అంకుడు కర్రను లేతుమీద త్రిప్పుచు, తిరుగుచున్న కర్రకు లక్కకణికను అదిమి పట్టగా, రాపిడి వేడికి లక్క కరగి కర్రను పట్టుకొనును. మొగలియాకుతో రుద్దగా మెరుగు వచ్చును. లక్కపిడతలు, బొంగరములు, కుంకుమభరిణెలు, పెండ్లికొడుకు పెండ్లికూతురు బొమ్మలు ఇట్లే పుట్టుచున్నవి. రసాయనపు రంగులు వచ్చి చేరిన పనిలోనికి పసుపు, నీలి, జాఫ్రా గింజలవంటి ప్రకృతి వర్ణములను మరల తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2020 ఆగస్టు చివర ప్రధానమంత్రి తన ఆకాశవాణి ప్రసంగములో వీని ప్రస్తావన చేసిరి. 2025 గణతంత్ర దినోత్సవమున ఆంధ్రప్రదేశ్ శకటముపై ఢిల్లీ కర్తవ్యపథమున ఇవియే ఊరేగినవి.

ఇంత పేరు వచ్చిన పిమ్మట ఒక చిన్న ప్రశ్న మిగిలియున్నది. రేపు ఆ గ్రామములోని పనివాడు ఎన్ని భరిణెలు త్రిప్పవలెను, ఎన్ని లక్కపిడతలు త్రిప్పవలెను? పేరు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పదు. గిరాకి చెప్పవలెను. ఆ గిరాకి ఇప్పుడు కొంతవరకు ఆన్‌లైను అంగడిలో నున్నది. అచ్చటి లెక్క పనివానికి కనబడదు. తన పేరిటనే అంగడి తెరచినవానికి తన అమ్మకములు తెలియును, నిజమే. కాని సరకును ఊరిలోనే వర్తకునికి అప్పగించి రొక్కము తీసికొనువానికి, తాను చేసిన భరిణె హైదరాబాదులో అమ్ముడైనదో, అమెరికాలో అమ్ముడైనదో, గిడ్డంగిలో ధూళి పట్టుచున్నదో తెలియదు. “ఈ రకము పోవుటలేదయ్యా, ధర తగ్గించుము” అని వర్తకుడన్నచో, కాదని చెప్పుటకు అతని చేతిలో ఆధారమేమున్నది? ఫోనులో కనబడు ఆ నాలుగు గీతలే.

పాత బజారులో ఈ కొలత సులువుగా నుండెను. విశాఖ పూర్ణా మార్కెట్టులో కూరల గంప ముందు కూర్చున్నామెకు ప్రక్క గంప ఎంత వేగముగా ఖాళీయగుచున్నదో కంటికెదుటనే కనబడును. ఎవరు బేరమాడి వెళ్లిపోయిరో, ఎవరు మరల తిరిగి వచ్చిరో, మధ్యాహ్నమునకు ఎవరు ధర దించిరో ఆమె చూచుచునే యుండును. బోణీ ఎప్పుడైనది, చివరి కట్ట ఎంతకు పోయినది — ఇవి ఏ పుస్తకములోను వ్రాయబడకున్నను అంగడిలోని వారందరికిని తెలిసిన రహస్యములు. ఆన్‌లైను అంగడిలో ప్రక్కగంప కనబడదు. గంపమీద ఎవరో అంటించిన చీటి మాత్రమే కనబడును.

ఆ చీటీలలో ముఖ్యమైనది స్థానసంఖ్య. 1995లో అమెరికాలో పుస్తకముల దుకాణముగా ఆరంభమైన అమెజాన్ సంస్థ దీనిని లోకమునకు అలవాటు చేసినది. భారతదేశములో ఆ సంస్థ అంగడి 2013 జూన్‌లో తెరచుకొన్నది. అంతకు ఆరేండ్లు ముందుగనే, 2007లో, బెంగుళూరులో ఫ్లిప్‌కార్ట్ వెలసినది; అదియు పుస్తకములతోనే మొదలైనది. ఆ దుకాణములో మొట్టమొదటి పుస్తకమును కొన్నవాడు మహబూబ్‌నగర్ వాసి యని తెలిసినచో తెలుగు ఉపాధ్యాయులకు కొంత సంతోషము కలుగకపోదు. ఆ అంగడికి బోణీ చేసినది తెలుగుగడ్డయే యనవచ్చును!

స్థానసంఖ్య యనగా అమ్మకముల సంఖ్య కాదు. తరగతిలో మొదటివాడు అన్నంతమాత్రమున ఎన్ని మార్కులు వచ్చినవో తెలియనట్లే, ఒక భరిణె తన తరగతిలో ఇరువదవ స్థానములో నున్నదనిన, పందొమ్మిది వస్తువులు దానికంటె ఎక్కువ అమ్ముడగుచున్నవని మాత్రమే తెలియును. ఎంత ఎక్కువ? తెలియదు. అందరును నూటికి తొంబది తెచ్చుకొన్న తరగతిలో ఇరువదవవాడు ఒకడు. అందరును తప్పిన తరగతిలో ఇరువదవవాడు వేరొకడు. ఇది బడిలో పిల్లవానికి కూడ తెలిసిన విషయమే యైనను, అంగడి విషయమునకు వచ్చునప్పటికి పెద్దలే మరచుచున్నారు.

అయినను తెలివిగలవారు ఈ ముడిని విప్పుటకు ప్రయత్నింపకపోలేదు. జుడిత్ షెవలియర్, ఆస్టన్ గూల్స్‌బీ యను ఇద్దరు అమెరికా అర్థశాస్త్రవేత్తలు 2003లో ప్రకటించిన పరిశోధనకై ఒక ముచ్చటైన ఉపాయము పన్నిరి. వారమునకు ఇన్ని ప్రతులని ఇంచుమించు స్థిరముగా అమ్ముడగుచున్న ఒక పుస్తకమును ప్రకాశకులనుండి విచారించి తెలిసికొని, పది నిమిషములలో తామే ఆరు ప్రతులు కొని, కొనకముందు స్థానమెంత, కొన్న పిమ్మట స్థానమెంత యని చూచిరి. ఓడమీద తెలిసిన బరువు నొకదానిని ఉంచి గీత ఎంత దిగినదో చూచుటవంటిదే గదా ఇది! అదే సంవత్సరమున ఎరిక్ బ్రిన్యాల్ఫ్‌సన్, అతని సహచరులు ఒక ప్రకాశన సంస్థ అసలు అమ్మకపు లెక్కలను స్థానసంఖ్యలతో జతపరచి చూచిరి. ఇరువురి లెక్కలును దాదాపు ఒక్కచోటికే వచ్చినవి. స్థానము పదిరెట్లు దిగజారినచో అమ్మకము ఏడు రెట్లకు పైగా తగ్గునని తేలినది. నూరవ స్థానములోని పుస్తకము 70 ప్రతులు పోవుచున్నదనుకొన్నచో, వేయవ స్థానములోనిది సుమారు 10, పదివేలవ స్థానములోనిది ఒకటిన్నర. లెక్కల మాస్టరు లాగరితమ్‌లు చెప్పునపుడు పిల్లలు “ఇది ఎందుకు పనికివచ్చును?” అని అడుగుచుందురు. ఇదిగో, ఇందుకు పనికివచ్చును.

కాని ఆ సూత్రము అమెరికాలో, ఆ కాలమున, ఆంగ్ల పుస్తకములకు కట్టినది. దానిని తీసికొనివచ్చి అంకుడు కర్ర భరిణెకు తగిలించుట, ఒక ఓడ పట్టికతో మరియొక ఓడను తూచుట యగును. పుస్తకములు లక్షలు, చేతిపని బొమ్మల తరగతిలో వస్తువులు ఎన్ని యున్నవో, అందు రోజుకొక్కటియైనను అమ్ముడగునవి ఎన్నియో ఎవరికెరుక? అంగడివారు తరగతులను మరల మరల చీల్చుచుందురు. “బొమ్మలు” అను పెద్ద తరగతిలో ఎక్కడనో మునిగియున్న వస్తువు, “చెక్క కుంకుమభరిణెలు” వంటి చిన్న తరగతిలో మొదటి స్థానమున వెలుగవచ్చును. “అత్యధికముగా అమ్ముడగునది” యను పతాకము దానికి తగిలింపబడును. ఏక పుత్రుడు జ్యేష్ఠుడే, కనిష్ఠుడే!

మరియొక చిక్కు కాలమునకు సంబంధించినది. ఈ సంఖ్య క్షణక్షణము మారునది. ఇటీవలి అమ్మకములకు ఎక్కువ బరువు, పాతవానికి తక్కువ బరువు. పై స్థానములలో నూరు అమ్మకములైనను ఒక్క మెట్టు ఎక్కింపలేవు. క్రింది స్థానములలో ఒక్క అమ్మకము వేలకొలది మెట్లు ఒక్క దూకున ఎక్కించును. మరల అమ్మకము లేనిచో నాలుగు రోజులలో జారి మొదటికి వచ్చును. కావున ఒకనాటి స్థానమును చూచి ఉప్పొంగుటయు, ఒకనాటి స్థానమును చూచి క్రుంగుటయు రెండును అవివేకమే. రోజూ ఒకే వేళకు వ్రాసికొని, నెలలకొలది చూచినచో కొంత అర్థము దొరకును. ఎన్ని రోజులకు ఒకసారి ఎగిరినదో లెక్కించినచో, అన్నిసార్లయినను అమ్ముడైనదని అల్పసంఖ్య యొకటి చిక్కును. మందకొడిగా పోవు సరకునకు ఇదియే అన్నిటికంటె నమ్మదగిన పద్ధతి. ఒకేమారు పది అమ్ముడైనను ఒక్క దూకే కనబడునని మాత్రము మరువరాదు.

చేతిపని సరకు విషయములో వీనినన్నిటిని మించిన పెడర్థము ఒకటి కలదు. దీనిని గూర్చి ఎవరును చాలినంతగా ఆలోచించుటలేదు. యంత్రముమీద తయారగు వస్తువునకు గిరాకి పెరిగినచో కర్మాగారము మరియొక విడత దింపును. సరకు ఆగదు, స్థానము పడదు. పనివాడు చేతితో చేసిన భరిణెలు ముప్పది మాత్రమే అంగడి కెక్కినవనుకొందము. ముప్పదియు వారములో చెల్లిపోయినవి. ఇది గొప్ప గిరాకి. కాని మరునాడు సరకు లేదు. “ప్రస్తుతము లభ్యము కాదు” అని ఫలకము పడును. అమ్మకము లేనందున స్థానము జారును. నెల గడచి మరియొక ముప్పది వచ్చునప్పటికి ఆ వస్తువు వెనుక పుటలలో ఎక్కడనో యుండును, కొనువారి కంట పడదు. అప్పుడు గీతను చదివిన వర్తకుడు “దీనికి గిరాకి లేదు” అని తీర్పు చెప్పును. గిరాకి లేక కాదు, కర్ర లేక, చేతులు లేక స్థానము పోయినది. ఆకలిగొన్నవాని విస్తరి ఖాళీగా నున్నదని చూచి వీనికి ఆకలి లేదనుట యెట్టిదో ఇదియు నట్టిదే. అంకుడు కర్ర కొరత ఆ గ్రామమును పట్టి పీడించు సమస్య యని అందరికిని తెలియును. ఆ కొరతయే అంగడిలో గిరాకి కొరతగా వేషము మార్చుకొని కనబడుట ఎవరికిని తెలియదు. “రెండే మిగిలినవి” యను హెచ్చరికయు ఇట్టిదే. వంద తెచ్చి తొంబదియెనిమిది అమ్మగా మిగిలిన రెండా? తెచ్చినవే మూడా? పుట చెప్పదు.

కొందరు వర్తకులు ఒక ఎత్తు వేయుచుండిరి. పోటీవాని సరకును 999 కావలెనని బుట్టలో వేసినచో, “ఇన్నియే యున్నవి” అని అంగడియే నిల్వను చెప్పును. మరునాడు అట్లే చేసి రెండింటిని తీసివేసినచో ఒకనాటి అమ్మకము తెలియును. ఎత్తు చక్కనిదే గాని, ఒక్కొక్కరికి ఇన్నియే యని హద్దు పెట్టిన చోట్ల అది పారదు. గిడ్డంగికి నడుమ క్రొత్త సరకు చేరినచో లెక్క తలక్రిందులగును. “గత నెలలో 50కి పైగా కొనబడినవి” యను పంక్తి ఇటీవల వచ్చినది, కొంత మేలు. కాని యాబదికి పైగా అన్నది యాబదియొకటి కావచ్చును, తొంబదితొమ్మిది కావచ్చును. యాబదికి లోపల నున్నదానికి చాలమారు పంక్తియే యుండదు. మన పనివాని సరకు నూటికి తొంబదిపాళ్లు ఆ మౌనములోనే యుండును.

నక్షత్రముల సంగతి వేరుగా చెప్పవలెను. కొన్నవారిలో అభిప్రాయము వ్రాయువారు బహు కొలదిమంది. నూటికి ఇందరని స్థిరమైన సంఖ్య ఏదియు లేదు. సరకును బట్టి, ఊరిని బట్టి, కోపమును బట్టి మారును. అట్లగుటచే అభిప్రాయములను ఏదో ఒక అంకెతో గుణించి అమ్మకము చెప్పువారి మాట జోస్యమునకు దగ్గర, లెక్కకు దూరము. తారీకులను చూచుట మాత్రము లాభకరము. అయిదువందల అభిప్రాయములుండి, వానిలో గత ఆరునెలలలోనివి మూడే యున్నచో ఆ వస్తువు తన వైభవమును అనుభవించి విశ్రమించినదని అర్థము. ఎరుపు, పచ్చ, నీలి రంగుల భరిణెలన్నింటికిని కలిపి ఒకే అభిప్రాయపు ఖాతా యుండుట పరిపాటి. నీలి భరిణె ఒక్కటియు కదలకున్నను ఎరుపుదాని కీర్తిలో దానికిని వాటా వచ్చును. మంచి మాటకంటె చెడుమాట బరువెక్కువ యని కూడ పరిశోధకులు చూపిరి. షెవలియరే, డీనా మేజ్లిన్‌తో కలిసి 2006లో ప్రకటించిన వ్యాసములో, అయిదు నక్షత్రముల అభిప్రాయము చేయు మేలుకంటె ఒక్క నక్షత్రపు అభిప్రాయము చేయు కీడు పుస్తకముల అమ్మకముపై ఎక్కువగా నున్నదని తేల్చెను. ప్రకృతివర్ణము ఒక విడతకు మరియొక విడతకు కొంచెము తేడా వచ్చుట సహజము. “చిత్రములో చూపిన రంగు కాదు” అని ఒక్కరు కోపముతో ఒక నక్షత్రము వేసినచో, ఆ రంగు ప్రకృతివర్ణ మగుటయే నేరమైపోవును.

ఇక కూలిపొగడ్తల మాట. కాసులిచ్చి పొగిడించుకొనుట క్రొత్త విద్య కాదు. పూర్వము దీనికి వందిమాగధులుండిరి. భారత ప్రమాణ సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైను అభిప్రాయములను సేకరించుటకు, వడగట్టుటకు, ప్రకటించుటకు ఐ.ఎస్. 19000 అను ప్రమాణమును వెలువరించినది. వెలువరించిననాడు అది ఐచ్ఛికము. అమెరికా వాణిజ్య సంఘము 2024లో దొంగ అభిప్రాయములను కొనుట, అమ్ముట నిషేధించుచు నియమము చేసినది. ఇచ్చటనో, 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమములు అమ్మకందారు తానే కొనుగోలుదారు వేషము వేసి అభిప్రాయము వ్రాయరాదని శాసించుచున్నవి.

ఇంత శ్రమపడి అమ్మకమును సరిగా కొలిచితిమనుకొన్నను, అమ్మకము లాభము కాదు. ఊహకు ఒక లెక్క వేసి చూడవచ్చును. రెండువందల రూపాయల భరిణెలు పది పంపబడినవి. ఒకటి తిరిగివచ్చినది, తొమ్మిది నిలిచినవి, వచ్చినది 1800. అంగడివారి వాటా ఒక్కొక్కదానికి 30 చొప్పున 270. రవాణా పదింటికి 600, తిరుగు రవాణా 60, పెట్టెలు కట్టుటకు 150. మిగిలినది 720. అనగా అమ్ముడైన భరిణె ఒక్కింటికి 80 రూపాయలు. అందులోనే కర్ర, లక్క, చేతికూలి. గ్రామమునకే వచ్చి 90 రూపాయలు రొక్కముగా ఇచ్చు వర్తకుడున్నచో, ఆన్‌లైనులో మొదటి స్థానము పొందిన పనివానికంటె వానికమ్మినవాడే మేలు పడెను. అంకెలు ఊహవే గాని, లెక్క నడక ఇట్టిదే. అంగట్లో అన్నియు నున్నను అల్లుని నోట శని యన్న సామెత ఇట్టి సందర్భమునకే పుట్టియుండును.

కాఫీ విషయము వేరు. 1956లో ఏర్పడి విశాఖపట్నమే ప్రధాన స్థానముగా పనిచేయుచున్న గిరిజన సహకార సంస్థ అరకు, పాడేరు ప్రాంతముల కాఫీని, తేనెను తన దుకాణములలోను ఆన్‌లైనులోను అమ్ముచున్నది. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2017లోనే పారిస్ నగరమున అరకు పేరిట కాఫీశాల యొకటి తెరవబడినది. కాఫీ నెలనెల తీరిపోవు సరకు. ఒకసారి కొన్నవాడు మరల కొనెనా యన్నదే దానికి అసలు కొలత. భరిణె కొన్నవాడు మరల పదేండ్లకు గాని కొనడు. ఒకే స్థానసంఖ్య ఈ రెండింటికి రెండు అర్థములిచ్చుచున్నది. పైగా సహకార సంస్థ దుకాణములో అమ్ముడైన పొట్లము ఆన్‌లైను లెక్కలోనికి రానేరాదు. తెలుగు పుస్తకములదియు ఇదే కథ. వేయి ప్రతులు వేసి, సభలలో కొన్ని, మిత్రులకు కొన్ని, దుకాణములలో కొన్ని చెల్లించుకొను రచయిత, ఆన్‌లైను పుటలో తన స్థానము ఎక్కడనో లక్షలలో నుండుట చూచి తనకు పాఠకులే లేరని దిగులుపడనక్కరలేదు; మొదటి పదింటిలో ఒకనాడు కనబడినంతమాత్రమున ఆ పుట చిత్రమును ఊరంతయు పంచనక్కరయు లేదు.

ఇచ్చట పత్రికల చరిత్రనుండి ఒక పాఠము తీసికొనవలసియున్నది. ఒకప్పుడు ప్రతి పత్రికయు తన ప్రతులు లక్షలని చాటుకొనుచుండెను. ప్రకటనలిచ్చువారికి ఏది నమ్మవలెనో తెలియకుండెను. ఆ స్థితిలో 1948లో మన దేశమున ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ ఏర్పడి, పత్రికలవారు, ప్రకటనకర్తలు ఒక్కచోట చేరి, స్వతంత్రులైన ఆడిటర్లచే అమ్మకపు లెక్కలను సరిచూపించు పద్ధతి నెలకొల్పిరి. పత్రికలకు సాధ్యమైనది ఆన్‌లైను అంగళ్లకు ఎందుకు సాధ్యము కాదు? వాని లెక్క కాగితములలో చెల్లాచెదరుగా లేదు. ప్రతి అమ్మకమును నిమిషముతో సహా యంత్రములోనే యున్నది. ప్రస్తుత నియమములు వరుసను నిర్ణయించు ముఖ్యాంశములను తేట మాటలలో తెలుపవలెనని అంగళ్లను ఆదేశించుచున్నవి. అది వంట దినుసుల జాబితా ఇచ్చి పాళ్లు చెప్పకుండుటవంటిది. వరుస ఎట్లు కట్టుదురో చెప్పిన చాలదు. ఎన్ని అమ్ముడైనవో, వానిలో ఎన్ని తిరిగివచ్చినవో, సరకు ఎన్ని దినములు లేకుండెనో కూడ చెప్పవలెను.

అంగడివారు దీనిని వర్తక రహస్య మందురు. పోటీవారికి లెక్క తెలియరాదను వాదములో న్యాయము లేకపోలేదు. అయితే ఆ రహస్యము ఎవరినుండి దాగియున్నది? ఐరోపా సమాఖ్య విచారణ ఫలితముగా 2022 డిసెంబరులో, తన అంగడిలో ఇతరులు అమ్ముకొను సరకుల బహిరంగముకాని లెక్కలను తన సొంత చిల్లర వ్యాపారమునకు వాడుకొననని అమెజాన్ మాట ఇచ్చినది. అట్టి మాటను రాబట్టుకొనవలసి వచ్చినదనగా ఆ లెక్క విలువ ఎంతటిదో తెలియుచున్నది. అది అంగడి యజమానికి ధనము. సరకును సృజించినవానికి మాత్రము నిషిద్ధ ఫలము. భౌగోళిక గుర్తింపు పొందిన సరకుల విషయములో నైనను ఈ అన్యాయమును తొలగించుట సులభము. ఏటికొప్పాక పేరుతో ఈ నెల దేశమంతట ఎన్ని అమ్ముడైనవి, ఏ రకములు, ఏ రాష్ట్రములకు అను మొత్తపు లెక్కను, అమ్మకందారుల పేర్లు లేకుండ, ఆ గుర్తింపు పొందిన సంఘమునకు మూడునెలల కొకసారి పంపవలెనని ప్రభుత్వము కోరవచ్చును. దీనివలన ఏ వర్తకుని రహస్యమును బయటపడదు. ఏటికొప్పాక పేరు పెట్టుకొని వేరొకచోట యంత్రముపై చేసిన సరకు ఎంత పోవుచున్నదో మాత్రము బయటపడును. బహుశః కొందరికి అదియే కష్టము.

అంతవరకు చేయదగిన పని బడులలోనే కొంత యున్నది. విశాఖ, అనకాపల్లి జిల్లాల ఉన్నత పాఠశాలలలో పై తరగతుల విద్యార్థులు గణాంకశాస్త్రపు పాఠములో కల్పిత సంఖ్యలకు మధ్యగతము, బాహుళకము కట్టుచున్నారు. దానికి బదులు ఒక్కొక్క జట్టు ఒక్కొక్క ఏటికొప్పాక వస్తువును తీసికొని, రోజూ సాయంకాలము ఒకే వేళకు స్థానము, వెల, నిల్వ యున్నదా లేదా, క్రొత్తగా వచ్చిన అభిప్రాయములు ఎన్ని — ఇవి నోటుపుస్తకములో వ్రాసికొనినచో మూడునెలలకు తొంబది వరుసల పట్టిక తయారగును. సరకు లేని దినములను వేరు సిరాతో వ్రాయవలెను. లేనిచో పైన చెప్పిన పెడర్థమే మరల వచ్చును. పట్టికను గ్రామములోని పనివారియొద్దకు తీసికొనిపోయి, ఆ మూడునెలలలో వారు వాస్తవముగా ఎన్ని పంపిరో అడిగి ప్రక్కన వ్రాసికొన్నచో, షెవలియర్, గూల్స్‌బీలు ఆరు పుస్తకములు కొని సాధించిన దానికి అది తీసిపోదు. ఏటికొప్పాక బొమ్మకు పట్టిక అప్పుడు మొదటిసారి ఏటికొప్పాకలోనే వ్రాయబడును.

దసరా కొలువు బొమ్మల గిరాకికి ఆ పట్టిక అందవలెనన్నచో పని వేసవి సెలవులు ముగియగనే మొదలుపెట్టవలసియుండును. అంకుడు పచ్చికర్ర లేతుమీదికి పనికిరాదు. కొట్టిన కర్ర నీడలో చాలకాలము ఆరవలెను, లేనిచో లక్క పట్టిన పిమ్మట పగులును. కావున ఆశ్వయుజములో ఏ బొమ్మ అమ్ముడుపోవునో పనివాడు ఆషాఢములోనే నిశ్చయించుకొని కర్ర తెచ్చుకొనుచున్నాడు. అంగడి పుట అతనికి చూపునది గత నెల లెక్క.